నిలబడితే నొప్పి... వంగితే హాయి
వయసు మళ్లిన కష్టజీవులను వేధిస్తున్న ‘వెన్ను ఇరుకు’ — ఆపరేషన్ ఒక్కటే మార్గం కాదు

భద్రాచలం: ఎండాకాలం తునికాకు, వానాకాలం వరినాట్లు, చలి తగ్గుముఖం పట్టేసరికి మిరపకోతలు, ఆ వెంటనే ఇప్పపూలు. ఖమ్మం, భద్రాచలం అడవి అంచు పల్లెల్లో కష్టజీవి నడుముకు ఏడాది పొడుగునా తీరిక ఉండదు. కట్టెల మోపు, నీళ్ల బిందె, ఎరువుల బస్తా అన్నీ ఆ నడుము మీదే. వయసులో ఉండగా పట్టించుకోని ఆ నడుము అరవై దాటాక ఎదురు తిరుగుతుంది.

సంతకు బయలుదేరిన మనిషి రెండు వందల గజాలు నడిచేసరికి పిరుదుల నుంచి పిక్కల దాకా గుంజుడు మొదలవుతుంది. కాళ్లు బరువెక్కి మొద్దుబారతాయి. దారి పక్కన ఏ రాయి మీదనో నాలుగు నిమిషాలు కూర్చుంటే నొప్పి మాయమవుతుంది. లేచి నడిస్తే మళ్లీ మొదటికి వస్తుంది. ఇంట్లోవారు దీన్ని ముసలితనమనో, వాతమనో అనుకుని ఊరుకుంటారు. రోగి సంత మానేస్తాడు, తర్వాత చేను మానేస్తాడు, చివరికి అరుగు దిగడం కూడా మానేస్తాడు.

ఇది వట్టి ముసలితనం కాదు. దీనికి ఒక పేరుంది, కారణముంది, వైద్యముంది. డాక్టర్లు దీన్ని ‘స్పైనల్ స్టెనోసిస్’ అంటారు. వెన్నులో నరాలు నడిచే దారి ఇరుకు కావడమే ఈ జబ్బు.

పూడిక పడ్డ కాలువ

వెన్నెముక పూసలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. వాటి వెనుక భాగంలో పైనుంచి కింది దాకా ఒక గొట్టం వంటి దారి ఉంది. మెడ, వీపు భాగాల్లో వెన్నుపాము, నడుము భాగంలో కాళ్లకు వెళ్లే నరాల కట్ట ఈ దారిలోనే ఉంటాయి.

చెరువు కింది పంట కాలువను ఏళ్ల తరబడి బాగుచేయకపోతే అడుగున ఒండ్రు చేరుతుంది, గట్లు లోపలికి జరుగుతాయి, నీరు పారే చోటు తగ్గిపోతుంది. వెన్నులోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది. పూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులు వయసుతో ఎండి, అణిగి, వెనక్కి ఉబ్బుతాయి. పూసలను కలిపే చిన్న కీళ్లు అరిగి, వాటి చుట్టూ ఎముక పెరుగుతుంది. వెనుక వైపు ఉండే పచ్చని నారపట్టీ మందమవుతుంది. మూడు వైపుల నుంచీ చోటు తగ్గి నరాలు నలిగిపోతాయి. నడుములో నాలుగు, అయిదు పూసల మధ్య ఇది ఎక్కువగా కనిపిస్తుంది. కొందరికి పుట్టుకతోనే ఈ దారి సన్నగా ఉంటుంది. అటువంటి వారిలో బాధ ముందుగానే మొదలవుతుంది.

ఈ జబ్బును వివరంగా గుర్తించి లోకానికి చెప్పిన వైద్యుడు హాలెండు దేశపు న్యూరోసర్జన్ హెంక్ వెర్బీస్ట్. ఆయన 1949లోను, 1954లోను దీనిపై రాశారు. నడుము భాగంలో ఈ దారి ముందు వెనుకల కొలత 12 మిల్లీమీటర్ల లోపుంటే ఇరుకు అనీ, 10 కంటే తక్కువైతే తీవ్రమైన ఇరుకు అనీ వైద్యులు లెక్క వేస్తారు.

నాటు వేస్తే నొప్పి లేదేం?

ఈ జబ్బులో ఒక వింత ఉంది. రోగి పొలంలో వంగి నాటు వేసేటప్పుడు బాధ అంతగా తెలియదు. గట్టెక్కి నిటారుగా నిలబడగానే కాళ్లు గుంజుతాయి. సైకిలు ఎంత దూరమైనా తొక్కగలడు, అదే దూరం నడవలేడు. గుట్ట ఎక్కడం కంటే దిగడం కష్టం. చేతికర్ర మీద ఆనుకుని ముందుకు వంగి నడిస్తే మరికొంత దూరం పోగలడు.

దీనికి కారణం తేలికైనదే. ముందుకు వంగినప్పుడు వెన్నులోని దారి కొద్దిగా తెరుచుకుంటుంది, వెనక్కి విరుచుకున్నప్పుడు మూసుకుంటుంది. ఈ సంగతి తెలియక చాలా ఇళ్లలో రోగిని అనుమానిస్తారు. పొలంలో వంగి పని చేసినవాడు బజారుకు నడవలేననడం సాకు అనుకుంటారు. అది సాకు కాదు, జబ్బు గుణమే అది.

ఇతర జబ్బులతో పొరబడరాదు

కాళ్లు గుంజిన ప్రతివారికీ వెన్ను ఇరుకే అనుకోరాదు. చాలా ఏళ్లుగా చుట్ట, బీడీ తాగేవారికి కాళ్ల రక్తనాళాలు పూడుకుపోయినా నడిస్తే పిక్కలు పట్టేస్తాయి. అయితే ఆ నొప్పి కూర్చోకుండా ఊరికే నిలబడినా తగ్గుతుంది. సైకిలు తొక్కినా వస్తుంది. పాదం చల్లగా ఉంటుంది, పాదం మీది నాడి సరిగా అందదు. షుగరు వ్యాధి ఉన్నవారికి అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు రాత్రిపూట ఎక్కువగా ఉంటాయి, నడకతో వాటికి సంబంధం తక్కువ. డిస్కు జారిన వారికి వంగితే నొప్పి పెరుగుతుంది. వెన్ను ఇరుకు వారికి వంగితే తగ్గుతుంది.

మరొకటి మరవరానిది వెన్ను క్షయ. నడుము నొప్పితో పాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, వెన్నులో ఒకచోట పొడుచుకువచ్చినట్టు ఉండడం కనిపిస్తే వెంటనే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించాలి. దీనికి మందులు ఉచితంగా ఇస్తారు. సకాలంలో వాడితే చాలామందికి నయమవుతుంది. ఆలస్యమైతే కాళ్లు పడిపోవచ్చు.

డాక్టరు ముందు రోగిని నడిపించి, కాళ్ల బలం, స్పర్శ, నాడి చూస్తాడు. ఆ తర్వాతే ఎక్స్‌రే, అవసరమైతే ఎం.ఆర్.ఐ. అరవై దాటిన వారిలో ఏ బాధా లేకపోయినా ఎం.ఆర్.ఐ.లో ఇరుకు కనిపించడం మామూలే. కాబట్టి ఫిల్ములో కనిపించిందని భయపడి ఆపరేషనుకు పరుగెత్తనవసరం లేదు. వైద్యం చేయవలసింది మనిషికి గాని, ఫిల్ముకు కాదు.

నీళ్లలో దాగిన కారణం

మన రాష్ట్రాల్లో వెన్ను ఇరుకుకు వయసు కాక మరో కారణం కూడా ఉంది. అది తాగే నీటిలోని ఫ్లోరైడ్. 1937లో డాక్టర్ షార్ట్, ఆయన సహచరులు నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుములు వంగి, కీళ్లు బిగిసిపోయిన మనుషులను పరీక్షించి, దీనికి నీటిలోని ఫ్లోరైడే మూలమని వెల్లడించారు. మన దేశంలో మనుషుల్లో ఈ జబ్బును వైద్య పత్రికల్లో వివరించడం అదే మొదలు.

ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే ఎముక మందమై గట్టిపడుతుంది, పూసలను కలిపే నారపట్టీలు కూడా ఎముకగా మారతాయి. మెడలోను, వీపులోను దారి ఇరుకై వెన్నుపామే నలిగిపోతుంది. నల్లగొండ జిల్లా ఈ బాధను తరతరాలుగా అనుభవించింది. హైదరాబాదు నిమ్స్‌లో పనిచేసిన న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి ఫ్లోరోసిస్ వల్ల నరాలకు కలిగే నష్టంపై విస్తృతంగా పరిశోధించారు. ఇటువంటి వారికి ఆపరేషను చేయవచ్చు గాని, గట్టిపడిన ఎముకను తొలగించడం కష్టం, ఫలితమూ అంతంత మాత్రమే. నివారణే అసలు మందు.

ఖమ్మం జిల్లాలోనూ కొన్ని చోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడ్ హద్దు మీరి ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు తాగరాదు, ఒకటి లోపు ఉంటే మంచిది. నీటిని మరగబెడితే ఫ్లోరైడ్ పోదు. పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో రూపొందించింది. దానికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు స్థిరపడింది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం కింద గోదావరి, కృష్ణా నీరు పల్లెలకు వస్తున్నది. కొళాయి నీరు అందే ఊళ్లలో పాత బోరు నీళ్ల రుచికి అలవాటుపడి వాటినే తాగడం మంచిది కాదు.

తొక్కించుకోవడం, వాతలు, సూదిమందు

నడుము పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టిన వారి చేత తొక్కించుకోవడం మన పల్లెల్లో అనాదిగా ఉన్నదే. కండరం పట్టినప్పుడు నాలుగు రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది, పేరు మాత్రం తొక్కినవారికి వస్తుంది. వెన్ను ఇరుకు ఉన్న ముసలివారి వీపు మీద కాలు పెట్టడం మాత్రం ప్రమాదకరం. ఎముకలు గుల్లబారిన వారికి పూస విరిగే అవకాశం ఉంది. నడుము మీద వాతలు పెట్టించుకుంటే పుండ్లు మిగులుతాయి గాని లోపలి ఇరుకు తగ్గదు. నువ్వుల నూనెతో మెల్లగా మర్దనా చేసి వేడినీళ్ల కాపడం పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, నష్టం లేదు.

అంతకంటే భయపడవలసింది వారం వారం వేయించుకునే సూదిమందులకు. నొప్పి మాత్రలు, సూదులు నెలల తరబడి వాడితే కడుపులో పుండు పడుతుంది, మూత్రపిండాలు చెడిపోతాయి. తెలియకుండా ఇచ్చే స్టెరాయిడ్ మందు మొదట్లో అద్భుతంగా పనిచేసినట్టే ఉంటుంది. ముఖం ఉబ్బుతుంది, షుగరు, బి.పి. పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి. ఏ మందు ఇస్తున్నారో కాగితం మీద రాయించుకోవడం రోగి హక్కు.

మొదటి వైద్యం వ్యాయామమే

కాళ్ల బలం తగ్గని వారికి మొదట చేయవలసింది వ్యాయామం. 2015లో అమెరికాలో ఆపరేషనుకు ఒప్పుకున్న 169 మంది రోగులను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు ఆపరేషను, మరో జట్టుకు వ్యాయామ చికిత్స సూచించి చూశారు. రెండేళ్ల తర్వాత రెండు జట్ల నడకలోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే వ్యాయామం జట్టులో సగం మందికి పైగా తర్వాత ఆపరేషను చేయించుకున్నారు. అంటే వ్యాయామం అందరికీ చాలదు గాని, ముందు దాన్ని ప్రయత్నించి చూడడం వల్ల నష్టం లేదని తేలింది.

చేయవలసినవి పెద్ద కష్టమైనవి కావు. చాప మీద వెల్లకిలా పడుకుని రెండు మోకాళ్లను చేతులతో పొట్టకు హత్తుకుని, ఇరవై లెక్కపెట్టే దాకా ఉంచి వదలాలి. ఇలా పదిసార్లు, ఉదయం సాయంత్రం చేయాలి. మోకాళ్లు మడిచి పడుకుని, నడుము నేలకు ఆనేలా పొట్ట బిగించడం మరొకటి. సైకిలు అలవాటున్న వారు రోజూ కొంతసేపు తొక్కవచ్చు. నడక మానరాదు. నొప్పి మొదలయ్యే ముందే కూర్చుని, సేదతీరి, మళ్లీ నడవాలి. ఎక్కువసేపు నిలబడవలసి వస్తే ఒక కాలు చిన్న రాయి మీద ఎత్తి పెట్టుకుంటే నడుముకు ఉపశమనం. బోర్లా పడుకోవడం కంటే పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకోవడం మేలు. తల మీద మోతలు, నడుము వెనక్కి విరిచే పనులు తగ్గించాలి. మంచం పట్టి పడుకుంటే మాత్రం ఉన్న బలం కూడా పోతుంది.

వ్యాయామం ఆరు నుంచి పన్నెండు వారాలు పట్టుదలగా చేస్తేనే ఫలితం తెలుస్తుంది. నొప్పి ఎక్కువగా ఉన్న రోజుల్లో డాక్టరు చెప్పిన మోతాదులో మాత్రలు వాడవచ్చు. నడుము పట్టీ కొంతకాలానికే గాని, రోజంతా ఏళ్ల తరబడి కట్టుకునేది కాదు.

వెన్నులో ఇంజక్షన్

కొందరు డాక్టర్లు వెన్నులో నరాల చుట్టూ స్టెరాయిడ్, మత్తుమందు కలిపి ఇంజక్షన్ ఇస్తారు. 2014లో 400 మంది రోగులపై జరిగిన ఒక పరిశీలనలో, మత్తుమందు ఒక్కటే ఇచ్చిన వారికీ, స్టెరాయిడ్ కలిపి ఇచ్చిన వారికీ ఆరు వారాల తర్వాత పెద్ద తేడా కనిపించలేదు. కొందరికి కొన్ని వారాలు ఊరట కలిగితే కలగవచ్చు. దానివల్ల ఇరుకు తొలగిపోతుందని ఆశించరాదు. షుగరు ఉన్నవారు ఆ మాట ముందే చెప్పాలి.

ఆపరేషన్ ఎవరికి?

మూడు నుంచి ఆరు నెలలు సరిగా వైద్యం చేయించుకున్నా నడక దూరం తగ్గిపోతూ, పనులు చేసుకోలేని స్థితి వచ్చిన వారు ఆపరేషను గురించి ఆలోచించాలి. ఇందులో పూస వెనుక కప్పులాంటి ఎముకను, మందమైన నారపట్టీని తీసివేసి నరాలకు చోటు కల్పిస్తారు. కాలువ పూడిక తీయడం వంటిదే ఇది. చాలామంది మర్నాడో మూడో రోజో లేచి నడుస్తారు. రెండు మూడు నెలల దాకా బరువులు ఎత్తరాదు.

అమెరికాలో 13 వైద్య కేంద్రాల్లో 600 మందికి పైగా రోగులను పరిశీలించి 2008లో ఫలితాలు ప్రకటించారు. ఆపరేషను చేయించుకున్న వారికి చేయించుకోని వారి కంటే రెండేళ్ల దాకా నొప్పి, నడక బాగా మెరుగయ్యాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ తేడా కొంత తగ్గింది. చేయించుకోని వారిలోనూ చాలామంది మరీ దిగజారలేదు. నూటికి తొమ్మిది మందికి ఆపరేషను సమయంలో నరాల చుట్టూ ఉండే పొర చిరిగింది, దాన్ని అక్కడే సరిచేస్తారు. నాలుగేళ్లలో నూటికి పదముగ్గురికి మళ్లీ ఆపరేషను అవసరమైంది.

దీన్నిబట్టి రోగి గ్రహించవలసింది ఏమిటంటే, ఆపరేషను కాళ్ల గుంజుడును తగ్గిస్తుంది, నడక దూరాన్ని పెంచుతుంది. నడుము నొప్పి మొత్తం పోతుందని నమ్మకం లేదు. చాలాకాలంగా మొద్దుబారిన పాదాలకు స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. నడుము ఇరుకు చాలామందికి ఇవాళో రేపో ప్రాణం తీసేది కాదు. ఎడ్లను అమ్మి, వడ్డీకి తెచ్చి హడావుడిగా ఆపరేషను చేయించుకోవలసిన అవసరం లేదు. ఆలోచించుకోవడానికి, మరో డాక్టరును అడగడానికి వ్యవధి ఉంటుంది.

రాడ్లు, స్క్రూలు అందరికీ అవసరమా?

ఇరుకు తొలగించడంతో పాటు పూసలను రాడ్లు, స్క్రూలతో బిగించాలని కొన్ని చోట్ల చెబుతారు. దీనికి ఖర్చు, సమయం, రక్తనష్టం ఎక్కువ. 2016లో స్వీడన్ వైద్యులు 247 మందిపై జరిపిన పరిశీలనలో, బిగించిన వారికీ బిగించని వారికీ రెండేళ్లకైనా అయిదేళ్లకైనా ఫలితంలో తేడా కనిపించలేదు. పూస కొద్దిగా ముందుకు జారిన వారిలో కూడా చాలామందికి ఇరుకు తొలగిస్తే చాలునని 2021లో నార్వే వైద్యులు వెల్లడించారు. పూస బాగా కదులుతున్నవారికి, వెన్ను వంకర తిరిగినవారికి బిగించక తప్పకపోవచ్చు. ‘నాకు స్క్రూలు ఎందుకు వేస్తున్నారు? వేయకపోతే ఏమవుతుంది?’ అని రోగి బంధువులు నిస్సంకోచంగా అడగాలి.

ఒక్కరోజు కూడా ఆగరాని లక్షణాలు

మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు స్పర్శ పోవడం, పాదం లేవకపోవడం, కాళ్లు హఠాత్తుగా బలహీనపడడం కనిపిస్తే అదే రోజు పెద్దాసుపత్రికి చేరాలి. గంటలు గడిచేకొద్దీ నరాలు తిరిగి కోలుకునే ఆశ తగ్గిపోతుంది.

మెడలో ఇరుకు మరీ ప్రమాదం. ఇక్కడ నలిగేది వెన్నుపాము. నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు. చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం, అన్నం ముద్ద జారిపోవడం, తాగినవాడిలా తూలుతూ నడవడం దీని గుర్తులు. ఇది ముదిరేకొద్దీ వ్యాయామంతో లాభం ఉండదు. ఆపరేషను ఎంత ముందు జరిగితే అంత మంచిది. ఇటువంటివారి మెడ విరిపించడం, మెడ మర్దనా చేయించడం ఎంతమాత్రం తగదు.

గోదావరి పొంగినప్పుడు దుమ్ముగూడెం, చర్ల దారులు మునుగుతాయి. భద్రాచలం వద్ద 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు నీరు వచ్చిన సంగతి ఈ ప్రాంతం వారు మరువలేరు. కాళ్లలో బలం తగ్గుతున్న రోగులను వానలు ముదరక ముందే ఆసుపత్రిలో చూపించుకోవడం తెలివైన పని.

ఎక్కడికి వెళ్లాలి?

మొదట దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, అక్కడి నుంచి భద్రాచలం ఏరియా ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వాటి ఆసుపత్రుల్లో ఎముకల విభాగం వారిని కలవాలి. ఆపరేషను అవసరమైతే వరంగల్ ఎం.జి.ఎం., హైదరాబాదులోని ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఉన్నాయి. నిమ్స్ నిజాం ధర్మనిధితో ఎముకల ఆసుపత్రిగా మొదలైనదే.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద కుటుంబానికి ఏడాదికి ఇచ్చే సాయం 2023 డిసెంబరు 9 నుంచి 10 లక్షల రూపాయలకు పెరిగింది. వెన్ను ఆపరేషన్లు కూడా ఈ పథకంలో ఉన్నాయి. రేషను కార్డు, ఆధార్, పాత చీటీలు, ఫిల్ములు వెంట తీసుకువెళ్లి, ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవాలి. అనుమతి వచ్చిన తర్వాతే చేరాలి, డబ్బు ముందే కట్టరాదు. సందేహాలకు 104, అత్యవసరమైతే 108 నంబరుకు ఫోను చేయాలి. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కూనవరం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు తదితర మండలాల వారికి ఆ రాష్ట్ర పథకం వర్తిస్తుంది. ఈ తేడా తెలియక దూరప్రయాణం చేసి తిరిగి రావడం కంటే ఊళ్లోనే విచారించుకుని బయలుదేరడం మంచిది.

వ్యాయామం నేర్పే మనిషి గూడేలకు చేరితే ఈ బాధితుల్లో చాలామందికి పట్నం ప్రయాణమే తప్పుతుంది. సంత జరిగే రోజున ఆరోగ్య ఉపకేంద్రంలో వారానికొకసారి ఫిజియోథెరపీ ఏర్పాటు చేయడం, ఆశా కార్యకర్తలకు ప్రమాద లక్షణాలు గుర్తించడం నేర్పడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. ఆరోగ్యశాఖ, ఐ.టి.డి.ఎ. అధికారులు ఈ దిశగా ఆలోచించవలసి ఉంది. ఈలోగా ఇంట్లో పెద్దవారు నాలుగడుగులు వేసి కూలబడుతుంటే, వయసు మీద పడిందని సరిపెట్టుకోక, ఒక్కసారి డాక్టరుకు చూపించడం ఇంటివారి బాధ్యత.